మా రైలు వాళ్ళ ఊరికి ఎందుకు వెళ్ళదు?

2022 ఏప్రిల్‌లో ఆన్‌సైట్ అంటూ నన్ను జర్మనీ పంపారు. ఉండేది డ్యూసెల్‌డార్ఫ్‌లో, క్లయింటు ఆఫీసేమో డోర్ట్‌మండ్‌లో. పొద్దున్నే స్టేషన్‌కి పరిగెత్తి ఆర్‌ఈ 1 అనే రీజనల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, పై అంతస్తులో కిటికీ పక్క సీటు దొరికితే చూసుకోవడం, ఓ గంట తర్వాత దిగడం. మొదటి వారంలోనే టీమ్‌లో ఒక పెద్దాయనతో పరిచయమైంది. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, మెయిన్‌ఫ్రేమ్ కాలం నుంచీ అక్కడే ఉన్నాడు. కాఫీ తాగుతూ మాటల్లో "మీ ఊరు ఏదండీ?" అని అడిగా. గెల్జెన్‌కిర్హెన్ అన్నాడు. "అయితే మీరూ ఆర్‌ఈ 1లోనే వస్తారన్నమాట" అన్నాను, ఏదో కలుపుగోలుగా.

ఆయన నవ్వి "మీ రైలు మా ఊరికి రాదు. అదే లైను, కానీ రాదు" అన్నాడు.

అదే లైను ఏంటి, రాకపోవడం ఏంటి? మ్యాప్ తీసి చూస్తే అర్థం కాలేదు. ఎస్సెన్‌కి పక్కనే గెల్జెన్‌కిర్హెన్. రైలు దాని కిందుగా బోహుమ్ వైపు వెళ్ళిపోతోంది. మనకి ఒక బగ్ కనపడితే నిద్ర పట్టదు కదా, అలా మొదలైంది ఈ రైలు చరిత్ర పిచ్చి. దాదాపు ఏడాది పాటు సాగింది.

ముందు ఆర్‌ఈ 1 అంటే ఏంటో చెప్పాలి. బెల్జియం సరిహద్దు దగ్గరున్న ఆహెన్‌లో బయల్దేరి డ్యూరెన్, కొలోన్, డ్యూసెల్‌డార్ఫ్, డ్యూస్‌బుర్గ్, మ్యూల్‌హైమ్, ఎస్సెన్, బోహుమ్, డోర్ట్‌మండ్ మీదుగా హామ్ దాకా పోతుంది. సుమారు 220 కి.మీ. జర్మనీలో జనం ఇంత చిక్కగా ఉండే ప్రాంతం ఇంకోటి లేదు. ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో కిటికీలోంచి చూస్తే తెలీదు. ఎన్‌ఆర్‌డబ్ల్యూ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి దీన్ని ఇప్పటి రూపంలో నడపడం మొదలైంది 1998లో. అంటే రైలు వయసు నా వయసంత. పట్టాల వయసు మాత్రం నూట ఎనభై ఏళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రైలు నడిచే దారి ఎవరో ఒకరు కూర్చుని గీసిన గీత కాదు. ఒకరంటే ఒకరికి పడని మూడు ప్రైవేటు కంపెనీలు వేసుకున్న దారుల్లోంచి నాలుగు ముక్కలు తీసి కుట్టిన బొంత ఇది. ఆహెన్ నుంచి కొలోన్ దాకా రైన్‌లాండ్ కంపెనీది. కొలోన్ నుంచి డ్యూస్‌బుర్గ్ దాకా కొలోన్-మిండెన్ కంపెనీది. అక్కణ్ణుంచి డోర్ట్‌మండ్ దాకా బెర్గిష్-మార్కిష్ కంపెనీది. డోర్ట్‌మండ్ నుంచి హామ్‌కి మళ్ళీ కొలోన్-మిండెన్ వాళ్ళది. మూడు వెండర్ల కోడ్‌ని కలిపి ఒక అప్లికేషన్‌గా నడిపేవాళ్ళకి ఇందులో పెద్ద వింతేం కనపడదు. నాకు మాత్రం ప్రతి కుట్టు దగ్గరా ఒక పాత తగువు కనపడింది.

మొదటి తగువు ఆహెన్‌ది. 1830లో బెల్జియం నెదర్లాండ్స్ నుంచి విడిపోయింది. రైన్ నది సముద్రంలో కలిసేది డచ్చి వాళ్ళ నేల మీద, కొలోన్ వర్తకులు వాళ్ళకి సుంకాలు కట్టీ కట్టీ విసిగిపోయి ఉన్నారు. నదితో పనిలేకుండా ఆంట్‌వెర్ప్ రేవుకి రైలు వేసుకుంటే పీడా పోతుంది కదా అనుకున్నారు. వాళ్ళ నాయకుడు లుడోల్ఫ్ కాంప్‌హౌజెన్ అనే బ్యాంకరు. ఆయన లెక్కల్లో తక్కువ ఖర్చయ్యే దారి ఆహెన్‌ని తాకకుండా పక్కనించి పోతుంది. ఆహెన్‌లో డేవిడ్ హాన్సెమన్ అనే ఉన్ని వ్యాపారి ఉన్నాడు. ఆయన ఊరుకుంటాడా! పోటీగా ఒక కమిటీ పెట్టి, బెర్లిన్ దాకా వెళ్ళి వాదించాడు. 1837లో తీర్పు ఆహెన్ వైపే మొగ్గింది.

ఊరైతే గెలిచింది గానీ, కొండలు ఎక్కడికి పోతాయి? కొలోన్ వైపు కోనిగ్స్‌డార్ఫ్ దగ్గర 1,600 మీటర్ల పైచిలుకు సొరంగం తవ్వాల్సి వచ్చింది. ఆ రోజుల్లో జర్మనీ మొత్తానికి అదే పెద్దది. ఆహెన్ దాటాక రోన్‌హైడ్ దగ్గర 38 అడుగులకి ఒక అడుగు ఎత్తు లేచే వాలు. ఆ కాలపు ఇంజన్లకి అది ఎక్కడం చేతకాక, పైన ఒక ఆవిరి యంత్రం బిగించి తాడుతో రైళ్ళని పైకి లాగేవాళ్ళు. 1855 దాకా అదే పద్ధతి. లైను 1841 సెప్టెంబరు 1న ఆహెన్ చేరింది, 1843 అక్టోబరులో సరిహద్దు దాటి బెల్జియంలోకి వెళ్ళింది. దేశం నుంచి దేశానికి వెళ్ళిన తొలి రైలు మార్గాల్లో ఒకటి. కోనిగ్స్‌డార్ఫ్ సొరంగం ఇప్పుడు లేదు, 1950లలో పైకప్పు తవ్వి తీసేసి బాహాటమైన కోతలా మార్చేశారు.

అన్నట్టు ఈ ఇద్దరు ప్రత్యర్థులూ 1848 విప్లవం వచ్చినప్పుడు ఒకే మంత్రివర్గంలో తేలారు. కాంప్‌హౌజెన్ ప్రష్యా ప్రధానమంత్రి, హాన్సెమన్ ఆర్థికమంత్రి. మా ఊరి మీదుగా రైలు వెయ్యండి మహాప్రభో అని మెమొరాండాలు పట్టుకుని తిరిగే మన నాయకులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

రెండో తగువే మా పెద్దాయన ఊరిది. కొలోన్ నుంచి తూర్పుగా మిండెన్ దాకా, అంటే బెర్లిన్ వైపుకి, లైను వెయ్యాలి. ఫ్రీడ్‌రిష్ హార్కోర్ట్ అనే పారిశ్రామికవేత్త 1825లోనే, జర్మనీలో ఒక్క రైలు కూడా లేని రోజుల్లో, రైల్వేల గురించి పత్రికలో వ్యాసం రాసినవాడు. ఆయనా, ఆయన వైపువాళ్ళూ ఏమన్నారంటే – జనం, మగ్గాలు, కొలుములు ఉన్నది వుపర్ లోయలో, కాబట్టి లైను అటే పోవాలి అని. కొలోన్-మిండెన్ కంపెనీ చూసింది కొండల ఖర్చు. వాళ్ళు ఉత్తరంగా చుట్టు తిరిగి, ఎంషర్ అనే చిన్న యేటి పక్కన చదునుగా ఉన్న బురద నేల మీదుగా లైను లాగేశారు. 1845 డిసెంబరులో డ్యూసెల్‌డార్ఫ్, 1846 ఫిబ్రవరిలో డ్యూస్‌బుర్గ్, 1847 మేలో హామ్, అదే ఏడు అక్టోబరులో మిండెన్. ఇంత వేగం ఎలా వచ్చిందంటే, దారిలో కొండలూ లేవు, ఊళ్ళూ లేవు!

ఎస్సెన్, బోహుమ్ పాత పట్టణాలు. వాటిని వదిలేశారు. ఎస్సెన్ కోసమని స్టేషన్ పెట్టింది ఊరికి ఉత్తరాన కొన్ని కిలోమీటర్ల దూరంలో, ఆల్టెన్‌ఎస్సెన్‌లో. మరోపక్క, ఎవరూ ఉండని ఒక బీడులో స్టేషన్ కట్టి, పక్కనున్న చిన్న కోట పేరు తగిలించారు – ఓబర్‌హౌజెన్ అని. ఆ స్టేషన్ చుట్టూ ఒక నగరమే పుట్టింది. గెల్జెన్‌కిర్హెన్ అప్పటికి ఒక పల్లెటూరు. స్టేషన్ వచ్చింది, కింద బొగ్గు దొరికింది, అంతే, యాభై అరవై ఏళ్ళలో పల్లెటూరు కాస్తా బొగ్గు గనుల మహానగరమైపోయింది.

ఎస్సెన్ సంగతి ఇంకా తమాషా. ఆ ఊళ్ళో క్రుప్ ఉక్కు ఫ్యాక్టరీ ఉంది కదా. క్రుప్ అనగానే మనకి ఫిరంగులు గుర్తొస్తాయి గానీ, వాళ్ళకి మొదట డబ్బు తెచ్చిపెట్టింది రైలు చక్రాల మీద తొడిగే అతుకులేని ఉక్కు పట్టీలు. 1853లో పేటెంటు తీసుకున్నారు. కంపెనీ గుర్తులో కనపడే మూడు రింగులూ ఆ పట్టీలే. రైలు చక్రాలకి పట్టీలు తయారుచేసే ఊరి నడిబొడ్డుకి మాత్రం రైలు లేదు! (మన రూర్కెలా ఉక్కు ఫ్యాక్టరీ పశ్చిమ జర్మనీ సహకారంతో వచ్చింది కదా, అందులో ఈ ఎస్సెన్ క్రుప్‌కీ, డ్యూస్‌బుర్గ్ డెమాగ్‌కీ కూడా చెయ్యి ఉంది. రోజూ ఆ ఊళ్ళు దాటుతున్నా నాకు ఈ సంగతి తెలియడానికి ఆరు నెలలు పట్టింది.)

ఎస్సెన్‌కి రైలు 1862లో వచ్చింది, అదీ కొలోన్-మిండెన్ దయ వల్ల కాదు. పోటీ కంపెనీ బెర్గిష్-మార్కిష్ వాళ్ళు డోర్ట్‌మండ్, బోహుమ్, ఎస్సెన్, మ్యూల్‌హైమ్, డ్యూస్‌బుర్గ్‌లని కలుపుతూ, మొదటి లైనుకి కాస్త దక్షిణంగా ఇంకో లైను వేశారు. మొదటివాళ్ళు వదిలేసిన ఊళ్ళన్నీ వీళ్ళు ఏరుకున్నారన్నమాట. ఇక రైన్‌లాండ్ కంపెనీ మేమేం తక్కువా అని 1870లలో మూడో లైను కూడా వేసింది. పది పదిహేను కిలోమీటర్ల వెడల్పులో, పక్కపక్కనే మూడు కంపెనీల మూడు లైన్లు! ఒకే ఊళ్ళో కంపెనీకో స్టేషన్. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక కంపెనీ రైలు దిగి ఇంకో కంపెనీ రైలు ఎక్కాలంటే స్టేషన్ మారాలి. 1879 నుంచి 1882 లోపు ప్రష్యా ప్రభుత్వం మూడింటినీ స్వాధీనం చేసుకున్నాక గానీ ఈ గందరగోళం సర్దుకోవడం మొదలవలేదు. నేను రోజూ రైలెక్కిన డ్యూసెల్‌డార్ఫ్ మెయిన్ స్టేషన్ 1891లో వచ్చింది.

కొలోన్ దగ్గర కుట్టు కూడా చెప్పుకోదగ్గదే. 1859 దాకా అక్కడ రైన్ మీద రైలు వంతెన లేదు. పడమటి నుంచి వచ్చిన లైను ఈ గట్టున ఆగిపోయేది, తూర్పు లైను ఆ గట్టున డోయిట్స్ అనే చోట మొదలయ్యేది. మధ్యలో పడవల మీద పలకలు పరిచిన వంతెన. 1859లో పక్కా వంతెన కట్టారు, చర్చికి ఎదురుగా ఉండాలని రాజుగారి పట్టుదల. అందుకే ఇవాళ్టికీ కొలోన్‌కి వచ్చే రైలు తిన్నగా ఆ పెద్ద చర్చి మీదకే వెళ్తున్నట్టుంటుంది. చూడముచ్చటే గానీ, ఊరి నడిమధ్యలో స్టేషన్ ఇరుక్కుపోయింది. 1911లో దాని స్థానంలో కట్టిన హోహెన్‌జోలెర్న్ వంతెనని 1945 మార్చి 6న, అమెరికా సైన్యం వచ్చేస్తోందని, జర్మన్ సైన్యమే పేల్చేసింది. తర్వాత మళ్ళీ కట్టారు.

ఆ తూర్పు గట్టు స్టేషన్ గురించి ఒక మాట రాయకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. ఆర్‌ఈ 1 ఆగేది దాని పై అంతస్తులో. కింద ఇంకో ప్లాట్‌ఫారం ఉంది. 1940 మేలో రోమా, సింటి ప్రజలనీ, 1941 అక్టోబరు నుంచి కొలోన్ యూదులనీ రైళ్ళలోకి ఎక్కించింది అక్కడే. డ్యూసెల్‌డార్ఫ్‌లోనైతే డెరెన్‌డార్ఫ్ గూడ్సు స్టేషన్. నేను రోజూ ఆ పక్కనించే వెళ్ళాను. ముందురోజు రాత్రి జనాన్ని పోగుచేసి ఉంచింది అక్కడి పశువుల వధశాలలో. ఇప్పుడది ఒక కాలేజీ ఆవరణలో భాగం, 2016 నుంచి అందులో స్మారకం ఉంది. 1941 డిసెంబరు 11న 1,007 మందితో అక్కణ్ణుంచి రీగాకి బయల్దేరిన రైలు గురించి, కాపలా పోలీసు అధికారి పాల్ జాలిట్టర్ రాసిన రిపోర్టు మిగిలి ఉంది. రైలు ఎన్ని గంటలు ఆలస్యమైంది, దారిలో ఏ స్టేషన్ మాస్టరు మాట వినలేదు – అచ్చం మనం రాసే ఇన్సిడెంట్ రిపోర్టులాగే ఉంటుంది.

నన్ను నిజంగా కుదిపేసింది చార్జీల లెక్క. రైష్ రైల్వే ఈ జనానికి కూడా టిక్కెట్టు లెక్కగట్టింది. పెద్దలకి మూడో తరగతి చార్జీ, కిలోమీటరుకి 4 ఫెనిగ్‌లు. పదేళ్ళలోపు పిల్లలకి సగం. నాలుగేళ్ళలోపు వాళ్ళకి ఉచితం. 400 మందికి మించితే గ్రూపు రాయితీ. అన్నీ వన్ వే. ఎవరో గుమాస్తా కొత్త రూలేం రాయలేదు, విహారయాత్రల వాళ్ళకి పెట్టిన రూలునే దీనికీ వాడేశాడు. నేను మూడేళ్ళు బిల్లింగ్ సిస్టమ్ మీద పనిచేశాను. డిస్కౌంట్ స్లాబులు రాశాను. ఆ పేజీ చదివిన రోజు రైల్లో ల్యాప్‌టాప్ తెరవలేదు.

యుద్ధం అయిపోయాక కథ మళ్ళీ బొగ్గు దగ్గరికి వస్తుంది. 1958 నుంచి రూర్ బొగ్గుకి గడ్డుకాలం మొదలైంది. ఒక్కో గనీ మూస్తూ వచ్చి, చివరిది, బాట్రాప్‌లోని ప్రోస్పర్-హానియెల్, 2018 డిసెంబరు 21న మూతపడింది. ఎక్కువ దెబ్బ తిన్నది ఉత్తరాన, ఆ ఎంషర్ పక్క ఊళ్ళు. దక్షిణాన ఎస్సెన్, బోహుమ్, డోర్ట్‌మండ్ ఆఫీసులు, యూనివర్సిటీలు తెచ్చుకుని ఏదోలా నిలదొక్కుకున్నాయి. ఏ40 అనే హైవే ఒకటి ఈ రెంటి మధ్య నుంచి పోతుంది, దాన్ని అక్కడివాళ్ళు సామాజిక భూమధ్యరేఖ అంటారు. పైన పేదలు, కింద కలవాళ్ళు అని. గెల్జెన్‌కిర్హెన్ జర్మనీలో నిరుద్యోగం బాగా ఎక్కువున్న నగరాల్లో ఒకటి. ఎంషర్ లైను మీద ఆర్‌ఈ 3 అని వేరే రైలుంది. ఆర్‌ఈ 1 మాత్రం 1862 నాటి దక్షిణపు లైను మీద పోతుంది. రైలు వల్లే పుట్టిన ఓబర్‌హౌజెన్ దాని దారిలో లేదు, మొదట వదిలేసిన ఎస్సెన్ ఉంది. పెద్దాయన అన్న "అదే లైను, కానీ రాదు" అన్న మాటకి అర్థం ఇది. డోర్ట్‌మండ్ అవతలా, డ్యూస్‌బుర్గ్ ఇవతలా మా రైలు నడిచేది వాళ్ళ ఊరికి పోయే ఆ పాత కొలోన్-మిండెన్ లైను మీదే. మధ్యలోనే దారి తప్పుతుంది.

ఇదంతా చెరిపేసి మొదట్నుంచీ రాద్దాం అనుకున్నవాళ్ళూ ఉన్నారు, ఉండకుండా ఎలా ఉంటారు! డ్యూసెల్‌డార్ఫ్ నుంచి డోర్ట్‌మండ్‌కి అయస్కాంతాల మీద తేలే రైలు వేస్తామన్నారు, మెట్రోరాపిడ్ అని పేరు కూడా పెట్టారు. 2003లో లెక్క తేలక ఆపేశారు. దాని బదులుగా వచ్చిందే రైన్-రూర్ ఎక్స్‌ప్రెస్ పథకం – పాత పట్టాల మీదే కొత్త రైళ్ళు, ఎక్కువ రైళ్ళు. రీరైట్ మానేసి రీఫ్యాక్టరింగ్‌కి దిగారన్నమాట. నా ఓటూ దానికే.

ఈ పథకంలో ఎవరిది ఏదో వింటే తల తిరుగుతుంది. 1994 సంస్కరణల తర్వాత పట్టాలు కేంద్రప్రభుత్వ సంస్థ డాయిచె బాన్ వి. 1996 నుంచి లోకల్, రీజనల్ రైళ్ళు ఏవి ఎప్పుడు నడవాలో రాష్ట్రాలు చూసుకుంటాయి. రైలు పెట్టెలు ప్రాంతీయ రవాణా సంఘాలవి. వాటిని తయారుచేసింది సీమెన్స్, 2015లో 82 రైళ్ళకి ఒప్పందం, 32 ఏళ్ళపాటు మరమ్మతులూ వాళ్ళవే. నడిపేవాడిని టెండరు పెట్టి ఎంచుకుంటారు. ఆర్‌ఈ 1 టెండరు గెలిచింది అబెలియో. అప్పట్లో అది నెదర్లాండ్స్ ప్రభుత్వ రైల్వేకి చెందిన సంస్థ. డచ్చి వాళ్ళ సుంకాలు తప్పించుకోవడానికి మొదలుపెట్టిన లైనుని మళ్ళీ డచ్చి వాళ్ళే నడపడం చూడండి!

2020 జూన్‌లో అబెలియో చేతికొచ్చింది. జీతాలు టెండరు నాటి అంచనాని దాటిపోయాయి. పట్టాల మీద ఎడతెగని పనులు, ఆలస్యానికి జరిమానాలు. పట్టాలు వేరొకరివి, జరిమానా నడిపేవాడికి. సర్వరు ఒకడిది, ఎస్‌ఎల్‌ఏ సంతకం ఇంకొకడిది అయితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? 2021 జూన్‌లో కోర్టు రక్షణ కోరింది, 2022 జనవరి 31తో రాష్ట్రంలో మూటాముల్లె సర్దేసుకుంది. ఫిబ్రవరి 1 నుంచి ఆర్‌ఈ 1 నేషనల్ ఎక్స్‌ప్రెస్ చేతికి పోయింది. నేను వెళ్ళింది రెండు నెలల తర్వాత. "రైలు అదే, డ్రైవర్లలో చాలామంది వాళ్ళే, జీతం స్లిప్పు మీద పేరు మారింది, ఆ జనవరంతా వాళ్ళ మొహాలు చూడలేకపోయాం" అన్నాడు పెద్దాయన. పోటీ ఉండాలా వద్దా అన్న చర్చలో నేను ఉండాలనే అంటాను. కానీ నష్టభయం ఎవరి నెత్తిన పెట్టారో చూడకుండా పోటీ పెడితే అది టెండరు కాదు, లాటరీ.

ఆ వేసవిలో 9 యూరోల టిక్కెట్టు వచ్చింది. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో, నెలకి 9 యూరోలు కడితే దేశంలో ఏ లోకల్, రీజనల్ రైలైనా ఎక్కొచ్చు. రైళ్ళన్నీ మన సంక్రాంతి రైళ్ళలా కిక్కిరిసిపోయాయి. ఒక శనివారం పెద్దాయన వాళ్ళింటికి భోజనానికి రమ్మంటే, ఆర్‌ఈ 1 వదిలేసి ఆర్‌ఈ 3 ఎక్కాను. డ్యూస్‌బుర్గ్ దాటాక ఎడమకి తిరిగింది. ఓబర్‌హౌజెన్, తర్వాత ఆల్టెన్‌ఎస్సెన్. గనుల ఎత్తు చట్రాలు అక్కడక్కడా తుప్పు రంగులో నిలబడి ఉన్నాయి, చుట్టూ చెట్లు పెరిగాయి.

గెల్జెన్‌కిర్హెన్ స్టేషన్ బయట ఆయన నా కోసం నిలబడి ఉన్నాడు. నేను దారిలో చదువుకున్నదంతా ఉత్సాహంగా అప్పజెప్పాను. 1847, 1862, బురద నేల, కొండల ఖర్చు, అన్నీ. ఓపిగ్గా విన్నాడు.

"పదిహేనేళ్ళు. మాకు రైలుంది, ఎస్సెన్‌ నడిబొడ్డుకి లేదు. పదిహేనేళ్ళు మేమే గొప్ప" అని, "పద, ఇంట్లో సూప్ చల్లారిపోతోంది" అంటూ ముందుకు నడిచాడు.